తోటి ఆటగాళ్ళు వేసిన ఓటు

ఫ్రిస్కో, టెక్సాస్

ప్రియమైన అక్కకు,

చెల్లెలు రమణి నమస్కరించి రాసేది. మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తయ్యగారి ఆయాసం తగ్గిందా? మొన్న ఫోన్‌లో నా గొంతు విని "ఏమైందే" అని అడిగావు. జలుబన్నాను. జలుబు కాదు. చెప్పబోతే మధ్యలో ఏడ్చేస్తానని, నువ్వు హడలిపోతావని అలా అన్నాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కంగారు పడకు, మా ఇంట్లో అందరం బాగున్నాం.

ఎండలు ఇంకా తగ్గలేదు. కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. గోంగూర దొరికింది గానీ మన తెనాలి గోంగూర పులుపు దానికెక్కడిది? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపు.

నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఇక్కడి చిన్న బేస్‌బాల్ టీమ్‌తో ఒప్పందం ఉందని నీకు చెప్పాను కదా. ఆట ఉన్న రోజుల్లో గ్రౌండ్ పక్క గదిలో కూర్చుని ఆటగాళ్ళ భుజాలూ మోకాళ్ళూ చూస్తాను. టీవీలో వచ్చే పెద్ద లీగ్ కాదిది. పైకి ఎక్కాలని ఆశపడే కుర్రాళ్ళు, ఇక ఎక్కలేమని తెలిసిపోయిన పెద్దవాళ్ళు కలిసి ఆడే లీగ్. ఆ పెద్దవాళ్ళలో ఒకడు మిగెల్. డొమినికన్ రిపబ్లిక్ నుంచి కుర్రతనంలోనే వచ్చాడట. క్యాచర్. అంటే మన క్రికెట్ వికెట్ కీపర్‌లా, బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చునే మనిషి. ఏ బంతి విసరాలో వేళ్ళతో సైగ చేసి చెప్పేది అతనే. కుర్రాళ్ళందరూ అతన్ని "పాపా" అంటారు, వాళ్ళ భాషలో నాన్న అని.

సీజన్ చివర ఈ లీగ్‌లో ఒక బహుమతి ఇస్తారు. పత్రికలవాళ్ళూ, ఓనర్లూ దానికి ఓటు వెయ్యరు. అన్ని టీముల ఆటగాళ్ళూ చీటీ మీద ఒక పేరు రాస్తారు, అంతే. తోటివాళ్ళు మెచ్చినవాణ్ణి మరుసటి ఏడు కోచ్‌గా తీసుకుంటారని అందరికీ ఒక నమ్మకం. మిగెల్ ఆశ అదే. ఆడే వయసు అయిపోయింది, కనీసం నేర్పే పనైనా దొరికితే ఆటలోనే ఉండొచ్చని.

వేసవి మధ్యలో బ్యాట్‌కి రాసుకుని వచ్చిన బంతి ఒకటి అతని ముఖానికున్న మాస్కుకి గట్టిగా తగిలింది. తల విదిలించుకుని ఆడేశాడు. తర్వాత భుజం నొప్పని నా దగ్గరికి వచ్చినప్పుడు మా పాప బడి గురించి అడిగాడు. చెప్పాను. కాసేపాగి అదే ప్రశ్న, అవే మాటల్లో మళ్ళీ అడిగాడు. వెలుతురు కళ్ళకి గుచ్చుకుంటోందని లైటు ఆర్పమన్నాడు. ఆ వారంలోనే కోడీ అనే కుర్ర పిచ్చర్, అదే బంతి విసిరేవాడు, నా గదిలోకి వచ్చి తలుపు మూశాడు. పాపా సైగలు మరిచిపోతున్నాడనీ, తామే సర్దుకుంటున్నామనీ, ఎవరికీ చెప్పొద్దనీ అన్నాడు. ఆ పిల్లాడి కళ్ళల్లో భయం చూస్తే చెప్పమనడానికే వచ్చాడనిపించింది.

మిగెల్‌ని అడిగాను.

"సీజన్ అయిపోనివ్వండి, డాక్టర్," అన్నాడు. నేను డాక్టర్ని కానంటే వినడు. "కళ్ళముందు ఆడేవాడికే ఓటు వేస్తారు. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

ఇంటికొచ్చి మీ మరిదితో చెప్పాను. "రిపోర్ట్ చెయ్యాల్సిందే కదా, అందులో అంత థింక్ చెయ్యడానికేముంది?" అన్నారు. ఆ మాట నిజమే. కానీ ఆయన మిగెల్ ముఖం చూడలేదు.

మర్నాడు టీమ్ డాక్టర్‌కి చెప్పేశాను. పరీక్షలు చేశారు. మెదడు అదిరిందనీ, ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పనీ అన్నారు. ఆ రోజుతో అతని ఆట ఆగిపోయింది. తర్వాత నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, యూనిఫాం వేసుకుని రోజూ బెంచీ మీద కూర్చునేవాడు. నా గది ముందునుంచే వెళ్ళేవాడు గానీ తల తిప్పేవాడు కాదు. అతని భార్య లూస్ మాత్రం వచ్చి నా పక్కన కూర్చునేది. ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు వాళ్ళ భాష రాదు కాబట్టి ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు.

చివరి ఆట రోజు సాయంత్రం బహుమతి ప్రకటించారు. మిగెల్ పేరే. వారాల తరబడి మైదానంలో కనబడని మనిషి పేరు అన్ని ఊళ్ళవాళ్ళూ రాశారక్కా. ఎదుటి టీమ్ వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. బహుమతి అందించడానికి కోడీ వెళ్ళాడు. మిగెల్ మైకు ముందు అందరికీ కృతజ్ఞతలు చెప్పి, పక్కకి తిరిగి, "ఈ కుర్రాడు..." అని ఆగిపోయాడు. పేరు కోసం వెతుక్కుంటున్నాడు. దుఃఖంతో మాట రాలేదనుకుని జనం చప్పట్లు కొట్టారు. లూస్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

కోడీ మైకు వైపు వంగాడు. "నేను కోడీని, పాపా. నాకు ఆట నేర్పింది నువ్వే."

"కోడీ," అన్నాడు మిగెల్, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు.

కోచ్ ఉద్యోగం రాలేదు. ముందు తల నయం కానివ్వు, తర్వాత చూద్దామని మేనేజర్ మెల్లగానే చెప్పాడట. ఆ తర్వాత అన్నది ఉండదని అందరికీ తెలుసు. వాళ్ళు తమ దేశానికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు మిగెల్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ మీద కోపం ఇంకా పోలేదు," అన్నాడు.

తెలుసన్నాను.

"కానీ లూస్ ఇప్పుడు నిద్రపోతోంది. ఇన్నాళ్ళూ నాకు ఊపిరి ఆడుతోందో లేదో అని మెలకువగా కూర్చునేదట. నాకు తెలియనే తెలియదు."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు. నువ్వు మళ్ళీ చెప్పనక్కర్లేదు. అయినా వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి ఏడుపొస్తోంది. నీ దగ్గరుంటే నీ ఒళ్ళో తలపెట్టి ఏడ్చి లేచేదాన్ని. ఒక్క మాట, నీ బడిలో కబడ్డీ ఆడే ఆడపిల్లల్లో ఎవరికైనా తలకి దెబ్బ తగిలి "ఏం లేదు టీచర్" అంటే నమ్మకు. ఎంత ఏడ్చినా ఆ రోజుకి ఆడించకు.

నా గురించి దిగులు పెట్టుకోకు. వేళకి తింటున్నాను, పడుకుంటున్నాను. అత్తయ్యగారికీ బావగారికీ నా దణ్ణాలు, పిల్లలకి ముద్దులు. నీ దీవెనలు నాకెప్పుడూ ఉన్నవే కాబట్టి, ఈసారి నా వంతువి ఆ దంపతులకి పంపు.

నీ చెల్లెలు,
రమణి