రెండో స్థానంలో ఆగిన పాటలు

ఏమండీ,

మీరు పోయి ఏడాది నిండిన మర్నాడు రేడియోవాళ్ళు యాభైల చివరి రాక్ పాటల చార్టును, మీరు అమెరికాకి చదువుకోవడానికి వచ్చినప్పటిది, పదో స్థానం నుంచి ఒకటో స్థానం దాకా మళ్ళీ వేశారు. నేను వింటూ ఉండగానే మీ తమ్ముడు రమణ ఎడిసన్ ఊరి నుంచి ఖాళీ పెట్టెలతో వచ్చాడు, మీ రికార్డులను షాపులో ఇచ్చేద్దామని.

"వదినా, ఒక్క నంబర్ వన్ కూడా లేదేంటి? అన్నీ రెండులో ఆగిపోయినవే! షాపువాడు నవ్వుతాడు."

"నంబర్ వన్ రేడియోలో పొద్దస్తమానం ఊరికే వస్తుంది, మళ్ళీ కొనడమెందుకు అనేవారు మీ అన్నయ్య."

"అదేం లాజిక్! అయినా ఇప్పుడంతా క్యాసెట్లే కదా. ఇవెవరు వింటారు?"

"నేను వింటాను. పెట్టెలు కార్‌లో పెట్టేసి, కాఫీ తాగి వెళ్ళు."

అతను వెళ్ళాక మొదలుపెట్టి, రెండు రోజుల్లో అన్నీ విన్నాను. ఇన్నేళ్ళూ వాటిని దుమ్ము దులిపి మీరు పేర్చిన వరసలోనే పెట్టాను. ఏ పాట గొప్పదో మీరే తేల్చేవారు, నన్నెప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా వరసలో పేర్చాను. మీరు నెత్తిన పెట్టుకున్న ఆ ఏడుపు పాట అట్టడుగున ఉంది. "గోల" అని మీరు పక్కన పడేసిన డాన్సు పాట మొదటిది. అమెరికా అంతా ఒప్పుకోకపోయినా ఈ ఇంట్లో ఇదే చార్టు. మీకు అభ్యంతరమైతే వచ్చి మార్చుకోండి.