లెక్క మొదలయ్యే రోజు

ప్రొద్దుటూరు,
సెప్టెంబర్ 6

ప్రియమైన కళ్యాణ్‌కు,

ఫోనెత్తవు గనక రాస్తున్నాను. పోయిన ఈస్టరుకు ఒక మాట అడిగావు. "కోత పండగయ్యేదాకా మాత్ర వద్దని నేననకుంటే అక్క బతికేదా బావా?" నేను జవాబివ్వలేదు. ఆ తర్వాత నువ్వు పులివెందుల దాటి రాలేదు. మాత్ర వేస్తే తల తిరుగుతుందని, చర్చిలో పండగకు బాగా పాడాలని మీ అక్క వనజ ఆగింది. పండగకు ముందే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ జవాబు వెతికే పని దొరికింది. రిటైరైన స్టాటిస్టిక్స్ మాస్టరుకు ఇంతకంటే ఏం కావాలి! జమ్మలమడుగు ఆసుపత్రిలో సుమయ్యా అనే డాక్టరుంది. గుండె బలహీనమైనవాళ్ళకిచ్చే ఆ మాత్ర మన వైపు ఎంత పని చేసిందో తేల్చాలంటుంది. అసలైతే చీటీలు వేసి కొందరికి మందిచ్చి, కొందరికి ఇవ్వకుండా చూడాలి. అందుకు ఆమెకు మనసూ లేదు, వసతీ లేదు. కాబట్టి చీటీలు వేసినట్టే అనుకుని షరతులు ముందే రాసుకున్నాం. ఎవరు చేరొచ్చు, ఏ రోజు నుంచి లెక్క, ఏ రెండు పద్ధతులు పోల్చాలి. ఆ తర్వాతే పాత రోగుల వివరాలు అందులో పెట్టి చూస్తాం. జరగని పరీక్షను జరిగినట్టు నడపడం! ఆలోచిస్తూ బస్సు దిగాల్సిన చోటు దాటి పోయాను.

మొదటి లెక్క వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్ళు వేసుకోనివాళ్ళకంటే చాలా ఎక్కువ బతికారు. నీ దగ్గర దాచలేను.

మీ బావ,
పేతురు


ప్రొద్దుటూరు,
సెప్టెంబర్ 20

చిన్నోడా,

మీ అక్క పిలుపు ఈ ఒక్కసారికి నాకివ్వు. ముందు ఆ పాత ఉత్తరం చించేయ్.

నిన్న సుమయ్యా నా లెక్క చూసి నవ్వింది. "ఏంది సార్, మాత్ర వేసుకునేదానికి మనిషి అంతవరకు బతికుండాల్నా, వద్దా?"

"ఉండాల్సిందే."

"మరి మొదట్లోనే పోయినోళ్ళనంతా వేసుకోని గుంపులో కుక్కితిరి. ఆ గుంపు ఓడిపోక ఏం చేస్తాది? కాలేజీలో పిల్లోళ్ళకు ఇట్లనే చెప్పినారా?"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. డాక్టర్లు మూడు నెలల్లోగా మొదలుపెట్టమంటారు. ఆ గడువులోనే పోయిన మనిషి వేసుకునేవాడో, మానేవాడో ఎవరు చెప్పగలరు? అందుకని జబ్బు తేలిన రోజునే అందరి లెక్కా మొదలుపెట్టి, ప్రతి ఒక్కరినీ గడువులో వేసుకునేవాళ్ళు, అసలు వేసుకోనివాళ్ళు అనే రెండు గుంపుల్లోనూ ఉంచాలి. ఎవరు ఏ పద్ధతి తప్పితే ఆ రోజున ఆ గుంపులోంచి తీసేయాలి. తీసేసినందుకు సరిచేసే లెక్క వేరే ఉంది, దానితో నిన్ను విసిగించను. మందు మొదలుపెట్టకుండా గడువులో పోయినవాళ్ళ చావు మాత్రం రెండు గుంపుల్లోనూ పడుతుంది.

అట్లా మళ్ళీ వేశాం. మాత్ర మంచిదే. కానీ నేను రాసిన తేడాలో సగానికి పైగా కరిగిపోయింది! సుమయ్యా బల్ల చరిచి "చూస్తిరా సార్!" అని అరిచింది. నేనూ అరిచాను. నర్సు షాహీదాబీ తొంగిచూసి, "ఏందప్పా, ఈడ ఎవరికన్నా బిడ్డ పుట్టిందా?" అంది.

మా దగ్గర పేర్లుండవు, నంబర్లే. అయినా వయసూ, ఊరూ, తేదీ చూసి వనజను పోల్చుకున్నాను. మొన్నటి లెక్కలో ఆమె వేసుకోనివాళ్ళలోనే ఉంది. ఇప్పుడు రెండు వైపులా ఉంది.

మాత్ర వేసుకునుంటే బతికేదా అంటే ఈ లెక్క చెప్పదు. ఒక్క మనిషి సంగతి ఏ లెక్కా చెప్పదు. కానీ మీ అక్క మందు మానలేదు, ఆగింది. "పండగ కానీలే అక్కా" అని నువ్వన్నదీ డాక్టరిచ్చిన గడువు లోపలి మాటే. ఆమెను మానినవాళ్ళలో వేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

వచ్చే నెల కోత పండగ. మీ తోట చీనీకాయలు లేకుంటే గుడిలో కానుకల బల్ల బోసిగా ఉంటుంది. నీ గొంతు బాగుండదని మీ అక్కే అనేది. అయినా వచ్చి పాడు.

రెండు బుట్టలు తే. ఒకటి నీ పేరున, ఒకటి వనజ పేరున.

ఎదురుచూసే బావ,
పేతురు