గాలి తగ్గిందన్న కబురు

కృష్ణానగర్,
శుక్రవారం.

అమ్మకు నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది. మొన్నటి తుఫాను వానకు ఉప్పంతా కరిగిపోయాక అక్కడ ఎవరూ కులాసాగా ఉండరని తెలిసీ, అలవాటు కొద్దీ అందరి క్షేమం అడుగుతున్నాను.

ముందు అన్యాయం సంగతి. అది చేసేవాడు షావుకారు వీరరాఘవయ్య. తుఫాను కబురు రాగానే మీరు ఉప్పు పండించే కొఠారు గట్టెక్కి, "నా గోదాములో టార్పాలిన్ పట్టాలున్నాయి, కుప్పల మీద కప్పుకోండి. ఉప్పు మాత్రం నాకే తూయాలి" అంటాడు. ఎండలో మాడి మీరు తీసిన ఉప్పు ఏటేటా అలాగే చౌకగా తోలుకుపోతాడు. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను.

నీ ప్రశ్నలకు జవాబులు. గది మారలేదు. అన్నం వేళకే తింటున్నాను. పనీ అదే, ఫిలింనగర్ సెట్లలో గొట్టాలతో వాన కురిపించడం. షావుకారు మీద వేసే కరపత్రాలు మానేశావా అన్నావు. దిండు కిందే ఉన్నాయి, తియ్యబుద్ధి కావడం లేదు.

మంజులత పిన్ని ఉప్పు కుప్ప ఆనవాలు లేకుండా కరిగిందనీ, "వాతావరణం వాళ్లు తగ్గిందని చెప్పి ముంచారు, ఇక వాళ్ల మాట వినేది లేదు" అని కొఠారంతా అంటోందనీ రాశావు. అది చదివాక ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే పెట్టేశాను. ఉత్తరమే రాస్తున్నాను.

మొన్న సెట్లో పెద్ద ఫ్యాను తిప్పే భిక్షం అరిచాడు: "తిరుమలేశ్, నా గాలి బంద్ జేసిన! నీ వాన ఆపకు, జర జోరుగ పోనీయ్!" గాలి లేకుండా నిలువునా దిగుతున్న నీళ్లను చూస్తూ నిలబడిపోయాను. "ఏందిరా, నీ వానకు నువ్వే జడుసుకుంటున్నవ్?" అని నవ్వాడు.

అమ్మా, గాలి తగ్గినా వాన తగ్గదని నాకు తెలియక కాదు. తుఫాను రోజు నువ్వు ఫోన్లో, "ఎందుకైనా మంచిది, పట్టాలు తెచ్చి కప్పుకుందాంరా" అన్నావు. "తుఫాను బలహీనపడి వాయుగుండమైంది, ప్రకటన చదివాను, గోదాము గడప తొక్కారంటే నా మీద ఒట్టే!" అని కసిరాను. అందరి ఫోన్లకూ అదే పంపాను. ఆ ప్రకటనలో దాని కిందే ఇంకో మాట ఉంది: తీరం వెంట భారీ నుంచి అతి భారీ వర్షాలు. అదీ చదివాను. చెబితే మీరంతా గోదాముకు పరిగెడతారని, షావుకారు గెలుస్తాడని మింగేశాను. పిన్ని నా మాట నమ్మి, తలుపేసుకుని పడుకుంది.

వాతావరణం వాళ్లు సరిగ్గానే చెప్పారు. రేపు ఇంకో తుఫానొస్తే వాళ్ల మాట పెడచెవిన పెట్టి మనవాళ్లు సముద్రం మీద వేటకు వెళితే? ఆ పాపం కూడా నాదే అవుతుంది. నిజం నా నోటితోనే చెప్పాలి.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వస్తున్నాను. ఉప్పు తూచే కాటా దగ్గరికి అందరినీ రమ్మను. షావుకారునూ పిలువు, నవ్వితే నవ్వనీ. పిన్నిని ముందు కూర్చోబెట్టు. ఆమె ఏమన్నా నువ్వు అడ్డం రావద్దు. ఉదయం ఏడు గంటలకు, అందరూ.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని నీ కొడుకు,
తిరుమలేశ్