రోజుకు పది బంతులు

ఆగస్టు 3, సోమవారం. ఉదయం 5:10
లేచాను! అలారం కంటే ముందే! మా అమ్మాయి జెస్సికా ఇంటర్ ఫస్టియర్. శనివారం ఫిజిక్స్ పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేస్తారట. ప్రాణస్నేహితురాలు సింధూరి ఒకచోట, ఇది ఒకచోట! ట్యూషనెందుకు, నేను లేనూ? బంతి విసిరే లెక్కలు రోజుకు పది.
కొన్నవి: లావుపాటి నోట్‌బుక్కు, నాలుగు పెన్నులు, ప్రొట్రాక్టర్.
మొదటి లెక్క రేపు.

ఆగస్టు 4
పది కాదు, ఆరు. ఆరూ కరెక్టే! కిటుకు దొరికింది: ఏ కోణంలో లేచిన బంతి ఆ కోణంలోనే దిగుతుంది.
"అన్నిటికీ అంతేనా డాడీ?"
"అన్నిటికీ అంతే. రాసుకో."
వంటింట్లోంచి మా ఆవిడ శాలిని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

ఆగస్టు 5
బెంజ్ సర్కిల్ దగ్గర వాన, ట్రాఫిక్. స్కూటర్ మీదే మనసులో రెండు చేశాను. అవీ కలుపుకున్నాను.

ఆగస్టు 6
కొరమీను పులుసు. తిన్నాక ఫిజిక్స్ ఎవరి తరం? సున్నా.

ఆగస్టు 7
చర్చిలో పాటల ప్రాక్టీసు. పాడుతూ లెక్కలు చేస్తే దేవుడేమనుకుంటాడు? సున్నా.

ఆగస్టు 8, శనివారం. సాయంత్రం
కొంప మునిగింది. పరీక్షలో బంతిని మేడ మీద నుంచి విసిరారట. నలభై అయిదు డిగ్రీలతో లేచింది, నేల మీద ఏ కోణంలో పడుతుంది? జెస్సికా నలభై అయిదే వేసింది. తప్పు!
"నువ్వే చెప్పావుగా డాడీ," అంది. అంతే. తిట్టినా బాగుండేది.
సోమవారం మళ్లీ పరీక్ష. ఆఖరి ఛాన్సు.

ఆగస్టు 9, ఆదివారం. మధ్యాహ్నం
నేనూ జెస్సికా చర్చి నుంచి వచ్చేసరికి కింద గేటుకు తాళం. మాది మూడో అంతస్తు. మా అమ్మ ఎప్పటిలాగే బాల్కనీలోంచి తాళంచెవి విసిరింది.
"పట్టుకోరా జయపాలూ!"
ఎదురుగా వస్తుందని చేతులు చాచాను. సరాసరి నెత్తి మీద పడింది.
"ఎన్నేళ్లైనా పట్టుకోటం రాలా నీకు! పైనుంచి యేసింది కిందికొచ్చేసరికి నిటారుగానే పడుద్దిరా!"
జెస్సికా నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. బొప్పి తడుముకుంటూనే రెండేసి మెట్లు ఎక్కాను. పక్కకు వెళ్లే వేగం మారదు, కిందికి పడే వేగం పెరుగుతూనే ఉంటుంది. అందుకే నిటారు! శనివారం లెక్క మళ్లీ చేశాం. అరవై మూడు డిగ్రీలు! లేచిన ఎత్తుకే దిగితేనే కోణాలు సమానం. జెస్సికా ఆ మాట నా కిటుకు పక్కన ఎర్ర పెన్నుతో రాసింది.

ఆగస్టు 10. సాయంత్రం
సెక్షన్ మారలేదు! సింధూరి పక్కనే సీటు! మళ్లీ మేడ మీది బంతే ఇచ్చారట, ఎత్తు మార్చి.
"నాన్నమ్మని తలుచుకుని రాశా," అంది. నన్ను కాదు!
వారం మొత్తానికి నావి తొమ్మిది లెక్కలు. నోట్‌బుక్కు మొదటి పేజీలో "రోజుకు పది" ఉన్నచోట పది కొట్టేసి "ఒకటి, ఇద్దరం కలిసి" అని రాసి ఉంది. జెస్సికా చేతిరాత. ఇక రోజూ "అన్నిటికీ అంతేనా?" అని అడుగుతుందట. అడగనీ, నాకూ అదే కావాలి.
రేపు ఉదయం 5:10. అలారం పెట్టేశాను!