ఆకుపచ్చ జీపులో అతుకు

ప్రియమైన అక్కకి,

ఫోన్లో చెబితే సగంలోనే తిట్లు మొదలుపెడతావని రాస్తున్నాను. జీపు కొన్నాను. సెకండ్‌హ్యాండే, కానీ ఒకప్పుడు కోటీశ్వరులు తిరిగిన బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. ముదురాకుపచ్చ రంగు, తోలు సీట్లు. స్టీరింగు తోలు మాత్రం ఎవరో తెల్లదారంతో చేత్తో కుట్టారు. కొండ మీది లాడ్జివాళ్ళు అతిథుల్ని తీసుకొచ్చే పని నాకే ఇచ్చారు. నీ మరదలు ముందు సీటు దిగనంటోంది. బండితో ఒకటే నస, మలుపు తిరిగేటప్పుడు కింద కటకటమంటోంది. నాన్న షెడ్డు నడిపే నీకు చూపించకుండా కొన్నందుకు కోప్పడకుండా, అదేంటో చెప్పు.

నీ చిన్నోడు

ప్రియమైన చిన్నోడికి,

ఇంట్లో మెకానిక్ అక్కని పెట్టుకుని బ్రోకరు మాట నమ్మావంటే నిన్నేమనాలి? ఇలాంటి బండ్లన్నీ పైన పటారం, లోన లొటారం. నాలుగు టైర్లూ ఒకేలా అరిగాయో లేదో చూడు. తేడా ఉంటే మలుపుల్లో అలాంటి చప్పుడే వస్తుంది. వారానికోసారి కిందకి దూరి నూనె కారుతోందేమో చూసుకో. కొన్నాళ్ళు కొండ ఎక్కించకు. ఎందుకని అడక్కు, పెద్దదాన్ని చెబుతున్నాను. వీలైతే వేరే బండి చూసుకో. మరదల్ని అడిగానని చెప్పు.

మీ అక్క

అక్కా,

రెండు నెలలైంది రాసి. టైర్లు నాలుగూ మార్చాను, చప్పుడు తగ్గింది, కొండ ఎక్కించాను. ఎక్కించకపోతే లాడ్జివాళ్ళు ఊరుకుంటారా? పోయిన మంగళవారం దిగుతుంటే చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోయాయి. గోడకి గుద్దుకున్నాం. నాకేం కాలేదు. నీ మరదలి కుడికాలు మోకాలి దగ్గర నుజ్జయింది. ఇక మామూలుగా నడవలేదన్నారు.

ఇక్కడి మెకానిక్ అడుగున, నాలుగు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె విప్పాడు. దాని పగులుని ఎవరో ఎప్పుడో వెల్డింగ్‌తో అతికారు. అది మళ్ళీ విచ్చి, నూనంతా కారిపోయిందట. బోల్టుల తలల మీద పసుపు గీతలున్నాయి. బిగించాక గుర్తుకి అలా గీయడం మనిద్దరికీ నాన్నే నేర్పాడు. ఆయన కుడిచేత్తో గీసేవాడు. ఇవి ఎదురువైపుకి వాలాయి, ఎడమచేతివి. ఎడమచేత్తో గీసేది నువ్వొక్కదానివే.

మళ్ళీ అతికి అమ్మేద్దామంటున్నాడు ఈ మెకానిక్. నీ జవాబు కోసం ఆగాను.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నేనే. పాత యజమాని బండిని అమ్మకానికి పెడుతూ, "కొత్త పెట్టె ఎందుకమ్మా, నాలుగు నెలలు నడిస్తే చాలు" అన్నాడు. అతికిచ్చాను. ఎవడో కొంటాడు, వాడి ఖర్మ అనుకున్నాను.

నువ్వు అడగనిది ఇంకొకటుంది. స్టీరింగు మీద చేతికుట్టు అని నువ్వు రాయగానే ఆ బండేనని తెలిసిపోయింది. ఆ కుట్టూ నాదే. ఆ రోజే ఫోను చేసి, బండి కదపకురా అనాల్సింది. అంటే "అతికిందెవరక్కా" అని అడుగుతావని, దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకుని, టైర్ల కబుర్లు రాశాను. నా సిగ్గుకి మరదలి కాలు బలైపోయింది.

బండి ఎవరికీ అమ్మకు. ఇక్కడికి లాగించు, నా చేత్తోనే ముక్కలు చేస్తాను. మరదలు రానిస్తే వచ్చి దగ్గరుండి తనకి అన్నీ చేసిపెడతాను.

అక్క

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. "వదినని రావద్దను" అంది.

బండి నిన్న అమ్మేశాను. నీ ఉత్తరం చదివాకే. అదే మెకానిక్ అతికాడు. కాలికి ఇంకో ఆపరేషన్ ఉంది, బండిని ముక్కలు చేసుకునే స్తోమత నాకు లేదు. కొన్నాయన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు వెనక సీటెక్కి ఎగురుతుంటే, "కింద ఏమైనా రిపేరు చేయించారా?" అని అడిగాడు.

లేదన్నాను. ఆ మాట నా నోట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

తమ్ముడు