సీసపు బిళ్ళ ఆసామి

వ్రిసూలా గ్రామం,
మార్చి, 1957.

పురావస్తుశాల ప్రొఫెసరు మెలహ్రినోస్ గారికి, పోయిన లాంబ్రోస్ భార్య స్తమాతా దండాలు.

చిక్కుళ్ళ పొలం తవ్వుతుంటే పారకి ఒక సీసపు బిళ్ళ తగిలింది. ఒక పక్క బిడ్డనెత్తుకున్న దేవమాత, ఇంకో పక్క అక్షరాలు. మా బడిపంతులు దానిమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాడు. ఇందులో పెడుతున్నాను. అదేమిటో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
స్తమాతా

తా.క.: బిళ్ళ మాత్రం పంపడం లేదు. మా పోస్టుమాస్టరు నా ఆడబిడ్డ మొగుడు. అతని చేతిలో పడ్డది మళ్ళీ వెలుగు చూడదు.

---

థెస్సలొనీకి.

శ్రీమతి స్తమాతా గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూశాక కుర్చీలో కూర్చోలేకపోయాను! అది ఉత్తరాలకు దారం కట్టి వేసే సీసపు ముద్ర. దాని యజమాని కూడా దొరికాడు. పేరు నికిఫోరోస్. రాజుగారి ఆంతరంగికుడు, భూముల మీద పెద్ద అధికారి. ఏటి నుంచి సముద్రం దాకా భూములన్నీ ఇతని చేతి కిందివేనని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాను, ఒక్కరూ నమ్మరు. మీ పొలంలో ముద్ర దొరికింది కనక ఇక ఎవరూ కాదనలేరు. దయచేసి దాన్ని మాకు ఇప్పించండి.

భవదీయుడు,
అరిస్తిదిస్ మెలహ్రినోస్,
బైజాంటియం ముద్రల విభాగం

తా.క.: ముద్ర మీద "దేవమాతా, నీ దాసుడు నికిఫోరోస్‌కు సాయపడు" అని ఉంది. ఇతనివి మా బీరువాలో ఇంకా మూడున్నాయి.

---

ప్రొఫెసరు గారికి స్తమాతా దండాలు.

మీ ఉత్తరం పంతులు చదివి వినిపించిన దగ్గర్నుంచి రొట్టె ముక్క గొంతు దిగడం లేదు. ఎవరండీ ఈ నికిఫోరోస్? ఆ పొలం తప్ప నాకు వేరే ఆధారం లేదు. ఇప్పటికే పక్క పొలం కోస్మాస్ ఏటేటా గట్టు జరుపుకుంటూ ఇటు వస్తున్నాడు. అటు నుంచి వాడు, ఇటు నుంచి రాజుగారి మనిషి వస్తే నేనెక్కడ నిలబడాలి? రాజుగారి పటం మా వంటింట్లో ఉంది, ఈస్టరుకి తుడుస్తాను కూడాను. ఆయనేనా నాకింత పని చేసేది? ఆ అధికారికి పెళ్ళాం ఉందా? ఉంటే ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను. ఆడదాని బాధ ఆవిడకైనా తెలుస్తుంది.

ఏడుస్తూ,
స్తమాతా

తా.క.: దేవమాతను కూడా ముందే తన వైపు తిప్పుకున్నాడా! ఆవిడ దీపంలో ఇన్నేళ్ళుగా నూనె పోస్తున్నది నేను.

రెండో తా.క.: బీరువాలో ఇంకా మూడా? అంటే ఇంకో ముగ్గురి కొంపలు కూడా మునిగాయన్నమాట.

---

స్తమాతా గారికి నమస్కారాలు.

నికిఫోరోస్ సంసారం గురించి ఇంత శ్రద్ధగా అడిగినందుకు మురిసిపోయాను. నా విద్యార్థులు ఒక్కరూ అడగరు. పెళ్ళయినట్టు ఎక్కడా ఆధారం లేదు. పిల్లలూ కనబడరు. మంచి కుటుంబం, పెద్ద పలుకుబడి. కోస్మాస్ ఎవరో మాత్రం బోధపడలేదు. అతనిది కూడా ముద్ర ఉంటే అచ్చు తీసి పంపండి.

భవదీయుడు,
మెలహ్రినోస్

తా.క.: నికిఫోరోస్ గురించి ఏం కావాలన్నా అడగండి. అతనంటే నాకు ప్రాణం.

---

ప్రొఫెసరు గారూ,

పెళ్ళి కాలేదా! ఆ ముక్క ముందే చెప్పొద్దూ! మీకు ప్రాణం అంటున్నారు కనక మీరే మధ్యవర్తిగా ఉండి మాట కదపండి. నాకు యాభై రెండు. పళ్ళన్నీ ఉన్నాయి. చిక్కుళ్ళ పులుసు నాలాగా ఈ చుట్టుపక్కల ఎవరూ వండలేరు. ఆయన ఊఁ అంటే పొలం ఇంట్లోదే అవుతుంది, తగువే ఉండదు. ఫోటో పెడుతున్నాను. పక్కనున్నది మేక.

ఇట్లు,
స్తమాతా

తా.క.: ఆయన వయసెంతో కనుక్కోండి. మరీ ముసలాడైతే నా వల్ల కాదు.

---

అమ్మా స్తమాతా గారూ,

క్షమించండి, క్షమించండి! నికిఫోరోస్ పోయి తొమ్మిది వందల ఏళ్ళు దాటింది. నేను చెప్పింది ఇప్పటి రాజుగారి సంగతి కాదు, ఆ కాలంలో మన దేశాన్ని ఏలిన బైజాంటియం రాజుల సంగతి. ముద్ర మీద ఎవరి పేరుంటే వాణ్ణి మేము యజమాని అంటాం. నా పాడు అలవాటు! మీ పొలం మీదే, ఎవరూ రారు. ముద్ర చూడడానికి వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను.

సిగ్గుతో,
మెలహ్రినోస్

తా.క.: వయసు అడిగారు కనక చెబుతున్నాను. మీకంటే కొంచెం పెద్ద.

---

ప్రొఫెసరు గారికి వెయ్యి దండాలు.

పొలం నాదేనని వినగానే పంతులు ఎదుటే భోరుమన్నాను. కానీ మీ ఉత్తరం ఆలస్యంగా వచ్చిందండీ. రాజుగారి భూముల అధికారితో నాకు సంబంధం కుదురుతోందని బావి దగ్గర ఒక మాట అన్నాను. అంతే, ఊరంతా పాకింది. మర్నాడు లేచేసరికి కోస్మాస్ గట్టు దాని పాత చోటుకి వెళ్ళిపోయింది! పైగా బుట్టెడు గుడ్లు పట్టుకొచ్చి, "వదినా, ఆయనగారి దగ్గర నా పేరు ఎత్తకే తల్లీ" అని బతిమాలాడు. ఆ గట్టు కోసం నేను ఎక్కని గడప లేదు. బతికున్న మగాడు ఒక్కడూ కదల్లేదు. పోయినవాడు కదిలాడు.

అందుకని ఆయన పోయిన సంగతి ఇటు పొక్కనివ్వకండి. పంతులు చేత ఒట్టు వేయించాను. బిళ్ళ ఇమ్మని మాత్రం అడక్కండి. దారానికి కట్టి మెడలో వేసుకున్నాను, ఆయన పంపిన గుర్తని ఊరంతా చూశారు. మీరు రండి, కళ్ళారా చూసుకోండి, ఎన్ని అచ్చులు కావాలంటే అన్ని తీసుకోండి.

మీ వదిన,
స్తమాతా

తా.క.: వదిన అని ఎందుకు రాశానంటే, మీరు ఆయన తమ్ముడని చెప్పాను. మంచి కోటు వేసుకు రండి. అన్నగారు రాలేదేమని ఎవరైనా అడిగితే, రాజుగారు సెలవివ్వలేదని చెప్పండి.