గూట్లో దొరికిన ట్యూబు

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు ఆసుపత్రిలో నేను మందులిచ్చే కిటికీ దగ్గరికి బెళుగుప్ప వైపు నుంచి ఒకామె వచ్చింది. ఆమె కాళ్ల మీద నీకున్నట్టే పగుళ్లు. పోయిన నెల నేనిచ్చిన పూతమందు ట్యూబు చూపించింది. సగం కూడా వాడలేదు.

"రోజూ రాయలేదా అక్కా?" అన్నాను.

"నీళ్లు పోసుకున్నాక రాయమంటివి కదమ్మా. మా ఊరికి ట్యాంకరు వారానికొకతూరి వస్తాది. ఆ దినం పోసుకోని రాసుకుంటాండా."

స్నానం లేకపోయినా తడిగుడ్డతో తుడుచుకొని రెండు పూటలా రాయాలని చెప్పాను. నేను చెప్పిందే మళ్లీ నాకు చెప్పమన్నాను. చెప్పింది.

నీకూ ఇదే మందు పంపి ఫోన్లో చెప్పాను, "నీళ్లు పోసుకున్నాక రాసుకోమ్మా" అని. పగుళ్లు చీము పట్టినప్పుడు, మందు రాయడం లేదని తిట్టాను.

"రాస్తానే ఉండా పాపా" అన్నావు.

ఆ చీము విషం ఒళ్లంతా పాకి నిన్ను తీసుకుపోయింది. దినాలయ్యాక గూట్లో నీ ట్యూబు దొరికింది, దాదాపు నిండుగా. నువ్వు అబద్ధమాడావని ఏడాదంతా అనుకున్నాను.

మన ఊరికి ట్యాంకరు పది రోజులకోసారి వస్తుంది. నీళ్లు పోసుకున్న ప్రతిసారీ నువ్వు రాసుకున్నావమ్మా.